గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు: మూడు శాసనసభా నియోజకవర్గముల రాజకీయ స్వరూపము

తెలంగాణ రాష్ట్రపు దక్షిణాంచలమున, కృష్ణా తుంగభద్రల నడుమ నొకటియు, కృష్ణకు ఉత్తరపు గట్టున రెండును నెలకొనియున్న గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు శాసనసభా నియోజకవర్గములు చిరకాలము మహబూబ్‌నగర్ జిల్లాలో అంతర్భాగములై యుండి, 2016 అక్టోబరు 11వ తేదీన జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణముతో మూడు వేర్వేరు జిల్లాలకు కేంద్రస్థానములైనవి. గద్వాల నియోజకవర్గమున గద్వాల, ధరూర్, మల్దకల్, గట్టు మండలములును వాటినుండి విడివడిన క్రొత్త మండలములును, వనపర్తిలో వనపర్తి, పెబ్బేరు, గోపాల్‌పేట, పెద్దమందడి, ఘనపూర్ మొదలగునవియు, నాగర్‌కర్నూలులో నాగర్‌కర్నూలు, బిజినాపల్లి, తాడూరు, తెలకపల్లి, తిమ్మాజిపేట మండలములును చేరియున్నవి. మూడును జనరల్ స్థానములే. మూడును పల్లెపట్టులే. అయినను వీటి రాజకీయ చరిత్ర ఒక్క తీరున నడచినది కాదు. గద్వాలలో అధికారము ఒక కుటుంబము చుట్టును, వనపర్తిలో ఇరువురు ప్రత్యర్థుల నడుమను, నాగర్‌కర్నూలులో ఒక వ్యక్తి చుట్టును చాలకాలము పరిభ్రమించినది. పక్షములు వచ్చినవి, పోయినవి. ఓటరు మాత్రము మొదట మనిషిని, పిమ్మట నీటిని, అటు తరువాతనే జెండాను విచారించుట ఈ సీమకు అలవాటైనది.

సంస్థానముల వారసత్వము

ఈ అలవాటునకు మూలము సంస్థానముల కాలమున వెదకవలసియున్నది. నిజాము రాజ్యమున పేష్కషు చెల్లించుచు, తమ ఎల్లలలో తామే ప్రభువులై వెలసిన హిందూ సంస్థానములలో గద్వాల, వనపర్తి, జటప్రోలు ముఖ్యమైనవి. సోమనాద్రియని జనులు పిలుచు పెద సోమభూపాలుడు గద్వాల కోటను నిర్మించి రాజ్యమును స్థిరపరచెను. అతని అనంతరము వచ్చినవారి కవిపండిత పోషణచే ఆ పట్టణమునకు విద్వద్గద్వాల యను ప్రశస్తి కలిగెను. 1949లో జాగీర్ల రద్దుతో పరిపాలనాధికారము పోయినది గాని ప్రభువంశముల యెడ ప్రజలకు గల చనవును, గౌరవమును ఒక్కనాటిలో పోలేదు. గద్వాల చివరి పాలకురాలగు మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరిట నెలకొన్న డిగ్రీ కళాశాల ఆ కోటలోనే నడచుటయు, వనపర్తి రాజభవనమున 1959లో పాలిటెక్నిక్ వెలయుటయు చూడగా, రాచరికము తన స్థానమును విద్యాలయములకు విడిచిపోయినట్లు తోచును. అయినను అది కొంతకాలము శాసనసభలోను, లోక్‌సభలోను కూర్చుండినదని మరువరాదు.

గద్వాల విషయమున మరియొక విశేషము గలదు. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము గద్వాల, అలంపురము తాలూకాలు రాయచూరు జిల్లాలోనివి. భాషాప్రయుక్త రాష్ట్రముల ఏర్పాటు నాడు రాయచూరు కర్ణాటకమునకు పోగా ఈ రెండు తాలూకాలు మహబూబ్‌నగరమునకు చేర్చబడెను. నడిగడ్డయని తమ సీమను వేరుగా చెప్పుకొను అభిమానము, పాలమూరు (మహబూబ్‌నగర్) వారితో కలిసియు కలియని ఆ తీరు, కొంతవరకీ సరిహద్దు చరిత్ర ఫలమే. 2016లో ప్రభుత్వము వెలువరించిన మొదటి ముసాయిదాలో గద్వాల జిల్లా లేకపోగా పట్టణమున పెద్ద ఆందోళన చెలరేగుటయు, తుది ప్రకటనలో జోగులాంబ గద్వాల జిల్లా చేరుటయు ఈ అభిమానమునకు ఇటీవలి సాక్ష్యము.

వనపర్తి

వయోజన ఓటుహక్కుతో హైదరాబాదు రాష్ట్రమున 1952లో జరిగిన తొలి ఎన్నికలందు వనపర్తి నుండి కాంగ్రెసు పక్షమున గెలిచినవారు సురవరం ప్రతాపరెడ్డి. 1926లో గోలకొండ పత్రికను స్థాపించి, 1930లో జోగిపేటయందు జరిగిన ప్రథమ నిజాం రాష్ట్ర ఆంధ్రమహాసభకు అధ్యక్షత వహించి, ఆంధ్రుల సాంఘిక చరిత్రను రచించిన ఆ మహనీయుడు నడిగడ్డలోని బోరవెల్లిలో జన్మించినవాడు. ఇట్టి పండితుని తన మొదటి ప్రతినిధిగా పంపిన భాగ్యము తెలుగునాట ఎన్ని పల్లెటూరి నియోజకవర్గములకు దక్కినదో! శాసనసభ్యుడై యుండగనే 1953 ఆగస్టు 25న ఆయన దివంగతుడయ్యెను. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు ఒసగిన తొలి పురస్కారము 1955లో ఆ గ్రంథమునకు లభించునప్పటికి ఆయన లేడు.

అటు తరువాత వనపర్తి రాజకుటుంబము ప్రజాస్వామ్య పథమున ప్రవేశించినది. రాణీ కుముదినీదేవి 1962 నుండి 1972 వరకు రెండు పర్యాయములు ఇచటి శాసనసభ్యురాలుగా నుండిరి. హైదరాబాదు నగరమునకు తొలి మహిళా మేయరు ఆమెయే. కుష్ఠురోగుల కొరకు శివానంద పునరావాస కేంద్రమును నెలకొల్పినదియు ఆమెయే. సంస్థానాధిపతి రాజా రామేశ్వరరావు ఆఫ్రికాలో భారత దౌత్య ప్రతినిధిగా పనిచేసి వచ్చి, 1957 మొదలు 1977 వరకు లోక్‌సభ సభ్యుడై యుండి, ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థకు సారథ్యము వహించెను. ప్రభువులు ప్రజాప్రతినిధులగుట దేశమంతట జరిగినదే. కాని వనపర్తి వారు ఎన్నికలను కోల్పోయిన సింహాసనమునకు ప్రత్యామ్నాయముగా భావించినట్లు కనబడదు. కుటుంబమున తరువాతి తరమువారు ఆ స్థానమును పట్టుకొని వేలాడలేదు. గద్వాలతో పోల్చిచూచిన ఈ భేదము స్పష్టమగును.

నందమూరి తారకరామారావు స్థాపించిన తెలుగుదేశము 1983లో ఎన్నికల రంగమున ప్రవేశించుటతో వనపర్తి రాజకీయము క్రొత్త దారి పట్టెను. 1983, 1985 ఎన్నికలందు ఆ పక్షమున డాక్టర్ బాలకృష్ణయ్య గెలువగా, 1989లో కాంగ్రెసు అభ్యర్థి జి. చిన్నారెడ్డి స్థానమును చేజిక్కించుకొనిరి. అచటినుండి 2014 వరకు పాతికేండ్లు వనపర్తి ఇరువురి నడుమ చేతులు మారుచు వచ్చినది. చిన్నారెడ్డి 1989, 1999, 2004, 2014 సంవత్సరములందును, తెలుగుదేశపు రావుల చంద్రశేఖరరెడ్డి 1994, 2009 సంవత్సరములందును విజయులైరి. చిన్నారెడ్డి వ్యవసాయ శాస్త్రమున పరిశోధన చేసినవారు, వై.ఎస్. రాజశేఖరరెడ్డి మంత్రివర్గమున మంత్రి. రావుల శాసనసభలోను, 2002 నుండి 2008 వరకు రాజ్యసభలోను తమ పక్షపు వాణిని వినిపించినవారు. ఇట్టి దీర్ఘకాలపు పోటీ కత్తులకును, నాటు బాంబులకును దారితీయక, సభలలోను పత్రికలలోను వాదోపవాదములుగనే చాలవరకు నడచుట, కృష్ణకు ఆవలి గట్టున ఆ దశాబ్దములలో సాగిన ముఠాకక్షలతో సరిపోల్చినచో, చిన్న సంగతి కాదు.

2018లో ఈ ద్వంద్వమును భంగపరచినవారు తెలంగాణ రాష్ట్ర సమితి అభ్యర్థి సింగిరెడ్డి నిరంజన్‌రెడ్డి. అంతకు ముందు రాష్ట్ర ప్రణాళికా సంఘపు ఉపాధ్యక్షుడై యుండి, ఎత్తిపోతల జలములను వనపర్తి చెరువులకు మళ్లించుటకై చేసిన ప్రయత్నముచే ‘నీళ్ల నిరంజన్‌రెడ్డి’ యని పేరొందిన ఆయన 51 వేల పైచిలుకు ఆధిక్యముతో గెలిచి, 2019లో వ్యవసాయశాఖ మంత్రియైరి. ఐదేండ్లు గడచునప్పటికి చిత్రములు జరిగినవి. కాంగ్రెసు మొదట చిన్నారెడ్డి పేరు ప్రకటించి, పిమ్మట దానిని మార్చి, అప్పటికి కొలది కాలము క్రిందటనే అధికార పక్షమును విడిచివచ్చిన పెద్దమందడి మాజీ మండలాధ్యక్షుడు తూడి మేఘారెడ్డికి టికెట్టు నిచ్చెను. రావుల చంద్రశేఖరరెడ్డి, తెలంగాణ రాష్ట్ర సమితికి క్రొత్త పేరగు భారత రాష్ట్ర సమితి (భా.రా.స.)లో చేరి నిరంజన్‌రెడ్డి పక్షమున నిలిచెను. మేఘారెడ్డి 25 వేల పైచిలుకు ఓట్లతో గెలిచెను. టికెట్టు కోల్పోయిన చిన్నారెడ్డికి 2024లో లభించిన పదవి, ఒకప్పుడు నిరంజన్‌రెడ్డి నిర్వహించిన ప్రణాళికా సంఘపు ఉపాధ్యక్షతయే!

గద్వాల

గద్వాల రాజకీయమును చెప్పుట యనగా డి.కె. వారి కుటుంబ చరిత్రను చెప్పుటయే యని పలువురి అభిప్రాయము. అది కొంత అతిశయోక్తియే గాని నిరాధారము కాదు. తొలి దశాబ్దములలో ఈ స్థానమున పాగ పుల్లారెడ్డి, డి.కె. సత్యారెడ్డి ప్రధాన ప్రత్యర్థులు. 1962లో సంస్థాన వంశీయుడగు కృష్ణరాంభూపాల్ స్వతంత్రుడై గెలిచిరి. స్వతంత్రులకు ఈ కోటపట్టణమున దక్కిన ఆదరము చూడదగినది. దేశమంతట కాంగ్రెసునకు ఎదురులేని దినములందే గద్వాల ఆ పక్షమును త్రోసిపుచ్చి వ్యక్తులను ఎన్నుకొనుచుండెను. పిదప సత్యారెడ్డి కుటుంబమునుండి డి.కె. సమరసింహారెడ్డి కాంగ్రెసు నాయకుడై, 1989లో మరల గెలిచి, రాష్ట్ర మంత్రిపదవిని నిర్వహించిరి. 1994లో ఆయన సోదరుడు భరతసింహారెడ్డి స్వతంత్రుడుగా నిలిచి స్థానమును గెలుచుకొనెను. ఇల్లు రెండైనను పీఠము ఇంటిలోనే మిగిలినది.

1999లో ఈ వరుసకు తెగుదల ఏర్పడి, తెలుగుదేశపు గట్టు భీముడు గెలిచిరి. 1994 నుండి నేటి వరకు ఈ మూడు నియోజకవర్గములలో గెలిచినవారి పట్టికను చూడగా, భీముడొక్కరు తప్ప తక్కిన వారందరును రెడ్డి కులస్థులే. వాల్మీకి బోయలు, కురుమలు, ముదిరాజులు, మాదిగలు, గౌడులు అధికసంఖ్యాకులుగా నున్న ఈ సీమలో ప్రాతినిధ్యము ఇంత సంకుచితముగా నుండుట ఆలోచింపదగిన విషయము. నడిగడ్డలోని వాల్మీకి బోయలు తమను షెడ్యూల్డు తెగలలో చేర్చవలెనని చిరకాలముగ కోరుచున్నారు. 2023 ఫిబ్రవరి 10వ తేదీన తెలంగాణ శాసనసభ అందులకు అనుకూలముగ తీర్మానించి కేంద్రమునకు పంపినది. ప్రతి ఎన్నికలోను అభ్యర్థులందరు ఈ కోరికను సమర్థించుటయు, ఆ కోరికను వినిపించుటకు ఆ వర్గమునుండియే ఒకరిని నిలుపుటకు పెద్ద పక్షములు తరచుగ వెనుకాడుటయు వాడుకయైనది.

2004లో భరతసింహారెడ్డి భార్య డి.కె. అరుణ రంగమున నిలిచిరి. కాంగ్రెసు, తెలంగాణ రాష్ట్ర సమితుల పొత్తులో గద్వాల తె.రా.స.కు పోగా, ఆమె సమాజ్‌వాదీ పక్షపు టికెట్టుపై పోటీచేసి గెలిచిరి. ఉత్తరప్రదేశపు పక్షము నడిగడ్డలో గెలుచుట! ఆ గుర్తునకు ముందును వెనుకను ఇచట చరిత్ర లేదు; అది గెలిచినది అభ్యర్థినిని బట్టియే. మక్తల్ శాసనసభ్యుడగు ఆమె తండ్రి చిట్టెం నర్సిరెడ్డి 2005 ఆగస్టు 15న నారాయణపేటలో మావోయిస్టుల కాల్పులకు బలియైరి. 2009లోను, 2014లోను ఆమె కాంగ్రెసు పక్షమున గెలిచి, ఉమ్మడి రాష్ట్రమున మంత్రిణియైరి. ఆ రెండు మారులును ఆమెతో తలపడి ఓడినవారు బండ్ల కృష్ణమోహన్‌రెడ్డి. మొదట తెలుగుదేశము, పిదప తె.రా.స. ఆయనయు ఆమె బంధువర్గములోనివాడే. 2018లో కృష్ణమోహన్‌రెడ్డి 28 వేల పైచిలుకు ఓట్లతో ఆమెను ఓడించెను. మరుసటి యేడు అరుణ భారతీయ జనతాపక్షమున చేరిరి.

ఈ పోరు పోలింగుతో ముగియలేదు. ఎన్నికల అఫిడవిట్టున ఆస్తుల వివరములు దాచెనన్న అభియోగముపై తెలంగాణ హైకోర్టు 2023 ఆగస్టు 24న కృష్ణమోహన్‌రెడ్డి ఎన్నికను రద్దుచేసి, అరుణను ఎన్నికైనట్లు ప్రకటించెను. సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పుపై స్టే ఇచ్చెను. కొలది మాసములకే వచ్చిన సాధారణ ఎన్నికలందు అరుణ పోటీచేయలేదు. కృష్ణమోహన్‌రెడ్డి, జిల్లా పరిషత్తు అధ్యక్షురాలై యుండి కాంగ్రెసులో చేరిన సరితా తిరుపతయ్యను 7 వేల ఓట్లతో ఓడించి స్థానమును నిలుపుకొనెను. 2024 జూలైలో ఆయన కాంగ్రెసులో చేరుటయు, ఆ నెలలోనే మరల భా.రా.స. నాయకులతో కనబడుటయు, మరల కాంగ్రెసు పంచనే నిలుచుటయు జరిగెను. పక్షము మారిన పదుగురు శాసనసభ్యుల అనర్హతా వ్యాజ్యములపై మూడు మాసములలో నిర్ణయము చేయవలెనని 2025 జూలై 31న సుప్రీంకోర్టు శాసనసభాపతిని ఆదేశించినప్పుడు, ఆ పదుగురిలో గద్వాల ప్రతినిధియు నొకరు. 1999లో ఒక పక్షము, 2004లో మరియొకటి, ఇట్లు జెండాలు మారుటను చూచి అలవాటుపడిన నియోజకవర్గమునకు ఇందు విస్మయము కలిగినట్లు లేదు.

నాగర్‌కర్నూలు

ఇచట సంస్థానపు నీడ తక్కువ. కాంగ్రెసు పక్షమున వంగా నారాయణగౌడ్ వంటివారి ప్రాబల్యము సాగిన పిమ్మట, 1985లో తెలుగుదేశము అభ్యర్థిగా వైద్యుడగు నాగం జనార్దనరెడ్డి గెలిచెను. 1989లో వంగా మోహన్‌గౌడ్ చేతిలో ఓడి, 1994 మొదలు 2009 వరకు నాలుగు సాధారణ ఎన్నికలందు వరుసగ గెలిచి, చంద్రబాబునాయుడు మంత్రివర్గమున ప్రముఖుడైన నాగం, తెలంగాణోద్యమము ఉధృతమైన దినములలో తన పక్షముతో విభేదించి, పదవిని త్యజించి, 2012 మార్చిలో జరిగిన ఉపయెన్నికలో స్వతంత్రుడుగా మరల గెలిచిరి. పక్షపు గుర్తు లేకయే గెలువగలనని ఆయన నిరూపించుకొన్న ఘట్టమదియే. గెలుపులలో కడపటిదియు అదియే. భా.జ.పా. పక్షమున 2014లో మహబూబ్‌నగర్ లోక్‌సభ స్థానమునకును, కాంగ్రెసు పక్షమున 2018లో నాగర్‌కర్నూలునకును పోటీచేసి ఓడిరి. 2018లో ఆయనను ఓడించిన తె.రా.స. అభ్యర్థి మర్రి జనార్దన్‌రెడ్డికి వచ్చిన ఆధిక్యము 54 వేలు. 2023 ఎన్నికల ముంగిట నాగం చేరినది, ఆ మర్రి జనార్దన్‌రెడ్డి పోటీచేయుచున్న భారత రాష్ట్ర సమితిలోనే.

నాగం వారికి చిరకాల ప్రత్యర్థియైన కూచుకుళ్ల దామోదర్‌రెడ్డి పలు ఎన్నికలందు ఓడి, శాసనమండలికి చేరెను; ఆయన తనయుడును దంతవైద్యుడును అగు రాజేశ్‌రెడ్డి 2023లో కాంగ్రెసు పక్షమున సుమారు 5 వేల ఓట్లతో గెలిచెను. తండ్రికి దక్కనిది తనయునకు దక్కినది. మూడు దశాబ్దములకు పైబడిన ఈ కథలో ఒక వైద్యుని స్థానమునకు చివరకు మరియొక వైద్యుడు వచ్చుట యాదృచ్ఛికమే కావచ్చును. అయినను భూస్వామ్యము కన్న వృత్తివిద్యయే నాయకత్వమునకు దారియైన ఊరుగా నాగర్‌కర్నూలును పేర్కొనవచ్చును.

నీరు, వలస, విత్తనము

రెండు మహానదులు ఒరసికొని పారుచున్నను నేల ఎండియుండుట ఈ సీమకు కలిగిన దుఃఖములలో మొదటిది. తుంగభద్రపై రాజోలిబండ మళ్లింపు పథకమునకు కృష్ణా జలముల పంపకమునకై ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ ఈ రాష్ట్రము వంతుగా 15.9 టి.ఎం.సి.లు కేటాయించినను, 87,500 ఎకరములకు పారవలసిన కాలువ చివరి భూములు ఎండుచునే వచ్చినవి; 2003లో తె.రా.స. అధినేత కె. చంద్రశేఖరరావు అలంపురము నుండి గద్వాల వరకు చేసిన పాదయాత్రకు ఈ కాలువయే హేతువు. కృష్ణపై జూరాలకు ఆ ట్రిబ్యునలే 17.84 టి.ఎం.సి.లు కేటాయింపగా, 1981లో శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు నీరు పొలములకు చేరుటకు పదునైదేండ్లు పట్టెను. రాజశేఖరరెడ్డి ప్రభుత్వకాలమున వేగము పుంజుకొన్న నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతలలో మొదటిది గద్వాలకును, కడపటిది నాగర్‌కర్నూలు, వనపర్తులకును ప్రాణాధారము. 2015లో శంకుస్థాపన జరిగిన పాలమూరు-రంగారెడ్డి పథకములో వట్టెం జలాశయము బిజినాపల్లి మండలముననే యున్నది; 2024 సెప్టెంబరు వరదలో అచటి పంపుహౌసు మునిగినది. ఒక ప్రభుత్వము మొదలిడిన కాలువను మరియొక ప్రభుత్వము పూర్తిచేయుట, ఇరువురును తమదేయని చెప్పుకొనుట, ఇచటి ప్రచారసభలలో నిత్యము వినబడు వాదము. తూముకడ నిలిచి నీటిని చూచిన రైతు మాత్రము ఎవరి కాలమున పారినదో చక్కగా జ్ఞప్తియందుంచుకొనును.

నీరు లేనినాడు జనులు వలసపోయిరి. మేస్త్రీల ముందస్తు అప్పునకు కట్టుబడి, ఆనకట్టలు, సొరంగములు, రహదారులు నిర్మించుటకు దేశమంతట పోయిన ‘పాలమూరు లేబరు’ ఈ మండలములనుండియు పోయినది. ఓటర్ల జాబితాలో పేరుండి, ఊరిలో మనిషి లేని ఇండ్లు పల్లెలలో కొల్లలుగా నుండుటచే, పోలింగు దినమునకు ముంబయి, పూణె, హైదరాబాదుల నుండి బస్సులపై జనులను రప్పించుట అభ్యర్థుల వ్యయములో పెద్ద పద్దు. మేస్త్రీకి గల పలుకుబడి సర్పంచునకు గల పలుకుబడికి తీసిపోదు.

గద్వాల ప్రాంతమున ఇట్టిదే మరియొక మధ్యవర్తిత్వము సీడ్ పత్తి వలన వెలసినది. సంకరజాతి పత్తి విత్తనమును పండించుటలో దేశమున పేరొందిన గట్టు, మల్దకల్, ధరూర్ మండలములలో కంపెనీలకును రైతులకును నడుమ నిలుచు ఆర్గనైజర్లు పెట్టుబడి నిత్తురు, పంటను కొందురు, బాకీలను తీర్చుకొందురు. సంవత్సరమంతయు అప్పిచ్చిన చేయి ఎన్నికలనాడు ఊరకుండునా? విత్తన రైతుల బకాయిలు, పంట తిరస్కరణములు తరచుగ ఆందోళనలకు దారితీయుటయు, అన్ని పక్షములును రైతుల పక్షముననే మాటలాడుటయు కలదు. అయితే ఆర్గనైజర్లు లేని పక్షమేదియు లేదు. 2011 జనగణన లెక్కల మేరకు జోగులాంబ గద్వాల జిల్లాలో అక్షరాస్యత సుమారు 50 శాతము. రాష్ట్రమందలి జిల్లాలన్నిటిలో ఇదియే అడుగున నున్నది. ఒప్పందపత్రమును చదువలేని రైతు సంతకము చేయుచున్నాడన్న విషయము ఈ రాజకీయమును గ్రహించుటకు కులముల లెక్కకన్న ఎక్కువ తోడ్పడును.

గాలులును, ఎదురుగాలులును

పాలమూరు ఓటు ఒక్కసారిగా ఒక వైపు మొగ్గుట కలదు. 1989లో ముఖ్యమంత్రి రామారావునే పొరుగుననున్న కల్వకుర్తి ఓటర్లు ఓడించి, కాంగ్రెసు అభ్యర్థి చిత్తరంజన్‌దాసును గెలిపించిరి. ఆ యేడే మన మూడు స్థానములును కాంగ్రెసు పాలైనవి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోని 14 స్థానములలో 2018లో తె.రా.స. 13 గెలువగా, 2023లో కాంగ్రెసు 12 గెలిచెను. ఈ కడపటి గాలికి నాగర్‌కర్నూలు జిల్లాలోని కొండారెడ్డిపల్లి వాస్తవ్యుడు ఎనుముల రేవంత్‌రెడ్డి ముఖ్యమంత్రి కాగలడన్న ఆశయు బలమిచ్చినది. ఆ గాలికి చలింపక నిలిచిన స్థానములు రెండే: గద్వాల, అలంపురము. రెండును నడిగడ్డలోనివే. 1962లో వలెనే 2023లోను రాష్ట్రము పోయిన దారిన పోకుండుట ఈ నదీమధ్య సీమకు చెల్లినది.

లోక్‌సభ స్థాయిలో ఈ మూడును, అలంపురము, అచ్చంపేట, కల్వకుర్తి, కొల్లాపురములతో కలిసి, షెడ్యూల్డు కులములకు ప్రత్యేకింపబడిన నాగర్‌కర్నూలు నియోజకవర్గమున చేరినవి. 1971లో తెలంగాణ ప్రజాసమితి అభ్యర్థి భీష్మదేవ్‌ను పంపిన ఈ స్థానమున, పిమ్మట మల్లు అనంతరాములు, ఆయన సోదరుడు మల్లు రవి, తెలుగుదేశము నుండి కాంగ్రెసునకు మారిన మందా జగన్నాథం, నంది ఎల్లయ్య, పోతుగంటి రాములు మొదలగువారు గెలిచిరి. 2024లో మల్లు రవి మరల గెలిచెను. అదే ఎన్నికలో డి.కె. అరుణ మహబూబ్‌నగర్ నుండి 4,500 ఓట్ల ఆధిక్యముతో లోక్‌సభకు ఎన్నికైరి. ఆమెను మూడుసార్లు శాసనసభకు పంపిన గద్వాల ఓటరునకు ఆ ఎన్నికలో ఆమెకు ఓటు వేయు అవకాశము లేదు, ఆయన ఓటు పొరుగు స్థానమున నుండుటచే.

రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టము తెలంగాణ శాసనసభ స్థానములను 119 నుండి 153కు పెంచుటకు వీలు కల్పించియున్నది. 2023లో చేసిన రాజ్యాంగ సవరణము జనగణనానంతరము జరుగు పునర్విభజనముతో మహిళలకు మూడవవంతు స్థానములను ప్రత్యేకించుచున్నది. ఆ పునర్విభజనము జరిగినచో ఈ మూడు నియోజకవర్గముల ఎల్లలు నేడున్నట్లుండవు; గట్టు, గోపాల్‌పేట, బిజినాపల్లి వంటి మండలములు ఎటు చేరునన్న లెక్కలు ఆయా నాయకుల ఇండ్లలో అప్పుడే మొదలైనవి.